పిడుదుపిట్టలు లేని పొద

నీళ్ళదారిలో మా ఆడవాళ్ళకి కళ్ళతో పెద్దగా పని లేదు, చెవులు సరిగ్గా ఉంటే చాలు. మా గుడిసెల చుట్టూ ఉన్న ముళ్ళకంచె దాటి ఎర్రమట్టి వాలు దిగగానే పొద మొదలవుతుంది. ముళ్ళచెట్లు ఒకదాంట్లో ఒకటి దూరిపోయి, పక్కనే ఏనుగు నిలబడినా కనిపించనంత చిక్కగా ఉంటాయి. దాని మధ్యలోంచి బరువేసిన గాడిద పట్టేంత దారి, ఆ దారి చివర ఊట. మందలోంచి వెళ్ళగొట్టిన ముసలి అడవిదున్నలు ఎండవేళ ఆ పొదలోనే పడి ఉంటాయి. అలికిడి అయితే లేచి పారిపోయే రకం కాదవి. ఊపిరి బిగబట్టి నిలబడి, మనం దగ్గరికి వచ్చేదాకా ఆగి, అప్పుడు మీదకి వస్తాయి. మా అత్తగారు అలాగే పోయింది.

దున్న ఉన్నచోట పిడుదుపిట్టలుంటాయి. ఎర్రటి ముక్కు, కంటి చుట్టూ పసుప్పచ్చటి వలయం, గోధుమరంగు ఒళ్ళు. దున్న చెవుల్లో, తొడసందుల్లో దూరి పిడుదుల్ని ఏరుకు తింటాయి. మనిషి వాసన తగిలితే చాలు, "క్రిస్స్... క్రిస్స్" మని అరుస్తూ పైకి లేస్తాయి. అది దున్నకి చెప్పే కబురు. దాన్ని మేం దొంగతనంగా విని బతుకుతాం. పిట్ట ఎక్కడ లేచిందో చూసుకుని గాడిదల్ని వెనక్కి తిప్పి, రాళ్ళగుట్ట మీదుగా చుట్టుదారిన పోతాం. కూత లేకపోతే దున్న లేనట్టు. మా అమ్మ నాకు చెప్పింది అదే, నేను నా కూతురికి చెప్పిందీ అదే.

ఆ ఎండాకాలం నా మోకాలు సొరకాయంత వాచింది. నీళ్ళకి నా కూతురు సిలంటోయ్ ఒక్కతే పోవలసి వచ్చింది. ఎముకలు అప్పుడే సాగుతున్న పిల్ల. నోరు నాది, నడక వాళ్ళ నాన్నది, పాటల పిచ్చి మాత్రం ఎవరిదో తెలియదు. దాన్ని పొదలోకి పంపాలంటే నా గుండె పీచుపీచుమనేది.

"పొదలో పాడావంటే చీరేస్తాను" అన్నాను మొదటిరోజు.

"నేను పాడితే దున్నే పారిపోతుందిలే అమ్మా."

"నీ గొంతు విని పారిపోయేది మీ నాన్న ఒక్కడే. నోరు మూసుకుని, చెవులు తెరుచుకుని నడువు. పిట్ట లేస్తే?"

"ఆగిపోవాలి. ఎక్కడ లేచిందో చూడాలి. గుట్ట మీదుగా పోవాలి. నిద్దట్లో అడిగినా చెప్తానమ్మా, వదులు."

దాని నెత్తిమీద తుంపరగా ఉమ్మి దీవించి పంపాను. అది తిరిగి వచ్చేదాకా చేసిన పని ఏదీ పనిలా ఉండేది కాదు. పాలు పితుకుతూ వాలు వంకే చూసేదాన్ని.

మా ఆయన పర్ముఆత్ రెండో పెళ్ళాం నైషోరువా గురించి చెప్పాలి. పెళ్ళై కంచెలోకి వచ్చినరోజు గుమ్మం ముందు బిగుసుకుపోయి నిలబడింది. కొత్త పెళ్ళికూతురు కదా, ఏదైనా ఇస్తే గాని అడుగు కదపదు. అత్తగారు గొర్రెని ఇచ్చింది, కదల్లేదు. మరిది మేకనిచ్చాడు, కదల్లేదు. ఎండలో నిలబడలేక నాకు ఒళ్ళు మండింది. "నా పెయ్యదూడని ఇస్తాను, లోపలికి తగలడు తల్లీ" అన్నాను. కిసుక్కున నవ్వి లోపలికి వచ్చేసింది. దూడని ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు ఇక పేర్లు పెట్టి పిలుచుకోరు. ఆరోజు నుంచి నాకు ఆమె 'పాషే', అంటే దూడ చుట్టం, ఆమెకి నేనూ 'పాషే'. సవతులమన్న సంగతి ఊళ్ళోవాళ్ళు గుర్తుచేస్తే తప్ప మాకు గుర్తుండేది కాదు.

నైషోరువాకి పుట్టింటివాళ్ళు ఇచ్చిన గాడిద ఒకటుంది, మచ్చల గాడిద, పేరు కెరి. ఆ ఎండల్లో నీళ్ళడబ్బాల తాడు ఒరుసుకుని దాని వీపు మీద పుండు పడింది. పిడుదుపిట్టలకి పిడుదులంటే ఎంత ఇష్టమో నెత్తురంటే అంతకన్నా ఇష్టం. పుండు ఆరనివ్వవు. పొక్కు కట్టినప్పుడల్లా పొడిచి తాగుతాయి. నైషోరువా బూడిద చల్లింది, పేడ మెత్తింది, చివరికి మేకతోలు ముక్కతో కప్పి కట్టింది. తోలు అంచుకిందికి ముక్కులు దూర్చి మరీ తాగాయి ఆ దొంగముండలు. పుండు అరచెయ్యంత అయింది. గాడిద మేత మానేసింది. నైషోరువాకి అప్పటికే కడుపు ఎత్తుగా కనిపిస్తోంది. గాడిద పోతే ఆ డబ్బాలన్నీ నుదుటికి తాడేసుకుని తనే మోసుకోవాలి.

మొగుణ్ణి అడిగింది.

"గాడిదలు మీ ఆడవాళ్ళవి. నావి ఆవులు" అన్నాడు పర్ముఆత్, పళ్ళపుల్ల నములుతూ. "గాడిద వైద్యం నన్నడగటమేమిటి? నలుగురూ వింటే నవ్వుతారు."

"గాడిద మోసిన నీళ్ళతో పెట్టిన టీ మాత్రం నీది, ఏం సిలంటోయ్ నాన్నా?" అన్నాను నేను. "రేపట్నుంచి నీ ఆవుల్నే పెట్టమను టీ."

"నీ నోటికి దున్న కూడా దడుస్తుంది" అంటూ లేచిపోయాడు. మా ఆయన ఏ సమస్యకైనా చేసే వైద్యం అదే, లేచిపోవడం.

ఆవుల మీద కొట్టే పిడుదుల మందు అతని గుడిసెలో చూరుకి వేలాడుతూ ఉండేది. మూతెడు మందు బకెట్టు నీళ్ళలో కలిపి కొడతారు. నైషోరువా నీళ్ళు కలపలేదు. గొర్రెతోక కొవ్వు కరిగించి, అందులో చిక్కటి మందు పోసి, పుండు చుట్టూ మెత్తింది. వీపు కాబట్టి గాడిద నాకలేదు. పిట్టలు మాత్రం వచ్చి తాగాయి.

సాయంత్రానికి కంచె పక్కన రెండు పిట్టలు కాళ్ళు పైకెత్తి పడి ఉన్నాయి. మర్నాడు ఇంకొన్ని. పిల్లలు వాటిని తాడుకి గుచ్చి మెళ్ళో వేసుకుని ఎగిరారు.

"పాషే, చూశావా! చావండి! ఇన్నాళ్ళు నా గాడిద నెత్తురు తాగారుగా, ఇప్పుడు తాగండి!" అని నైషోరువా చప్పట్లు కొట్టింది. ఆమె అంతలా నవ్వి చాలా రోజులైంది.

"నీ చెయ్యి చల్లగుండ" అన్నాను నేను కూడా.

కబురు పాకింది. చుట్టుపక్కల కంచెల ఆడవాళ్ళందరికీ పుండుపడ్డ గాడిదలున్నాయి. ఒక్కొక్కతే చిన్న సొరబుర్ర పట్టుకుని నైషోరువా గుమ్మంలో నిలబడింది. అందరికీ కొవ్వూ మందూ కలిపి ఇచ్చింది. గర్వంగానే ఇచ్చింది, గర్వం ఎందుకు ఉండదు? కెరి పుండు మానింది. మానినచోట తెల్లటి వెంట్రుకలు మొలిచాయి. మళ్ళీ బరువు మోస్తోంది. మా కంచెలో గాడిదల మీద గాని, ఆవుల మీద గాని ఒక్క పిట్ట కనబడితే ఒట్టు.

పొద కూడా నిశ్శబ్దమైపోయింది.

"ఈమధ్య కూతే వినబడ్డం లేదు, దున్నలు కొండ అవతల బురదకి పోయినట్టున్నాయి" అంది ఊట దగ్గర ఎవరో. అందరం అదే నిజమనుకున్నాం. కరువుకాలంలో దున్నలు నీళ్ళు ఎక్కువున్న చోటికి పోవడం మామూలే. కూత లేకపోతే దున్న లేనట్టే కదా. పుట్టినప్పటి నుంచి చెవిలో నూరిపోసుకున్న మాట. పిట్టల్ని చంపింది మేమేనని అందరికీ తెలుసు. కూత లేదనీ అందరికీ తెలుసు. ఆ రెంటినీ కలిపి చూసిన ఆడది ఒక్కతీ లేదు. ఆడవాళ్ళు పొదలో కబుర్లు చెప్పుకుంటూ నడవసాగారు. చుట్టుదారి మీద అడుగుల జాడే లేకుండా పోయింది.

"అమ్మా, ఇప్పుడు పాడుకోవచ్చుగా?" అంది సిలంటోయ్.

"పాడుకోవే తల్లీ, నీ గొంతు కూడా తుప్పు పడుతోంది" అన్నాను. నా గుండె మీది బరువు దిగిపోయి అప్పటికి చాలా రోజులైంది.

ఆరోజు మధ్యాహ్నం గాడిదలు ముందు వచ్చాయి. పరుగున వచ్చాయి. ఒకదాని పక్కన పగిలిన డబ్బా వేలాడుతోంది, నీళ్ళు కారుతున్నాయి. వెనక పిల్ల లేదు.

నేను కేక పెట్టాను. ఏమని పెట్టానో నాకే తెలియదు. మందలకి కాపలా కాసే మొరాన్ కుర్రాళ్ళు బల్లేలు పట్టుకుని వాలు దిగి పరిగెత్తారు. మిగతా గాడిదలు బెదిరి దొరకలేదు. కెరి మాత్రం నీడలో కట్టేసి ఉంది. నైషోరువా దాన్ని విప్పుకుని, ఒక చేత్తో కడుపు పట్టుకుని, వాళ్ళ వెనకే దిగిపోయింది. నేను కర్ర పట్టుకుని కుంటుకుంటూ దిగాను. నా మోకాలిని ఆరోజు తిట్టినట్టు మొగుణ్ణి కూడా ఎప్పుడూ తిట్టలేదు.

నేను వెళ్ళేసరికి దున్న చచ్చి దారికి అడ్డంగా పడి ఉంది. సిలంటోయ్ అడవిపంది తవ్విన గోతిలో బోర్లా పడుకుని ఉంది. పడుకోబట్టే బతికింది, నేలకి అతుక్కున్నవాళ్ళని దున్నకొమ్ము సరిగ్గా లేపలేదు. కాని అంతకుముందే ఒక పోటు పడింది. తొడ మీద మాంసం చీలి, విరిగిన ఎముక తెల్లగా కనిపిస్తోంది.

"అమ్మా, పిట్ట కూయలేదమ్మా" అంది. ఏడవడం లేదు, నేను తిడతానని భయపడుతోంది. "ఒట్టు, నేను విన్నాను. పాట ఆపి కూడా విన్నాను. కూయలేదు."

"తెలుసు తల్లీ, మాట్లాడకు."

నైషోరువా తన దుప్పటి చింపి తొడకి కట్టు బిగించింది. కుర్రాళ్ళు పిల్లని ఎత్తి కెరి వీపు మీద పడుకోబెట్టారు. మోటారుసైకిళ్ళు తిరిగే రోడ్డు అక్కడికి చాలా దూరం, అది కూడా రాళ్ళదారి. ఎత్తుకుని నడిస్తే ఎముక కదిలిపోయేది. గాడిద మెత్తగా అడుగేసింది.

ఆ గాడిదని దున్న పక్కనుంచి దాటించాలి. అప్పుడు చూశాను దాని తల. చెవి లోపల, కంటి చుట్టూ, మెడ కింద పిడుదులు. నెత్తురు తాగి చిక్కుడుగింజలంత ఉబ్బి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, చెవి రంగే కనబడనంతగా. నా బతుకులో చాలా చచ్చిన దున్నల్ని చూశాను. అలాంటి చెవిని ఎప్పుడూ చూడలేదు.

తల ఎత్తితే నైషోరువా కూడా ఆ చెవినే చూస్తోంది. ఆమె ముఖం బూడిదలా అయిపోయింది.

"పాషే..." అంది.

"గాడిదని నడిపించు" అన్నాను.

పట్నం ఆసుపత్రిలో ఎముక అతికించారు. సరిగ్గానే అతికించారు, కాని ఆ కాలు ఇక ఎదగదన్నారు. సిలంటోయ్ కర్రతో ఇంటికి తిరిగి వచ్చింది. ఒకప్పుడు వాలు మీద మేకపిల్లలా దూకే పిల్ల గుడిసె గుమ్మం దాటడానికి గోడ పట్టుకుంటోంది. పాట మానేసింది. నేను పాడమన్నా పాడదు.

"దేవుడు ఎంకాయ్ రాసిపెట్టింది, ఏం చేస్తాం" అన్నాడు పర్ముఆత్.

నాకు నైషోరువా మీద కోపం. ఆమె కొవ్వులో మందు కలిపిన బుర్ర చూస్తే ఒళ్ళు భగ్గుమనేది. కాని ఆ మందుతో మానిన వీపే నా కూతుర్ని రోడ్డుకి చేర్చింది. అప్పుడు పుండు ఉండి ఉంటే కెరి పిల్లని మోసేది కాదు. ఈ సంగతి తలకెక్కినప్పుడల్లా కోపానికి కూర్చునే చోటు దొరక్క నా మీదే పడేది. ఆమెతో మాట్లాడటం మానలేదు, ఒక్క మాట మాత్రం మానేశాను. "నువ్వు", "ఇదిగో", "వింటున్నావా" అని పిలిచేదాన్ని. పాషే అనలేదు.

ఆమెకది తెలిసింది. తెలియక చస్తుందా. ఒకరోజు పొద్దున్నే, నేనిచ్చిన దూడ ఎదిగి ఈనిన ఆవుని, దాని దూడతో సహా నా గుమ్మం ముందుకి తోలుకొచ్చింది.

"తీసుకో. నీ దూడ నీకు ఇచ్చేస్తున్నాను. ఇక నన్ను పేరు పెట్టి పిలువు. ఏదో ఒకటి పిలువు. ఇలా పేరు లేనిదాన్ని చెయ్యకు."

"ఇచ్చిన దూడని వెనక్కి తీసుకునే కొంపలో పుట్టలేదు నేను. తోలుకుపో."

"నేను కావాలని చేశానా? చెప్పు!"

"నువ్వు చేశావని నేనన్నానా?"

"అనకపోతే మరి ఏమిటిది?"

లోపలికి పోయి తలుపుచర్మం దించేశాను. ఆవు కాసేపు రెండు గుమ్మాల మధ్యా నిలబడి, దూడ అరిస్తే తన దొడ్డికి తనే పోయింది.

ఆడవాళ్ళు ఇప్పుడు డబ్బాల మీద రాళ్ళతో మోగిస్తూ, ఎక్కువగా గుట్ట మీదుగానే నీళ్ళకి పోతున్నారు. గుట్టదారి రెట్టింపు దూరం. సిలంటోయ్ పోలేదు, నేను పోలేను. అడగకుండానే మా ఇంటి నీళ్ళు కూడా నైషోరువా తెచ్చిపెట్టేది. నేను నిద్ర లేచేసరికి గుమ్మం పక్కన నిండు డబ్బాలుండేవి. కొడుకు పుట్టాక కొన్నాళ్ళు ఆగి, వాణ్ణి వీపుకి కట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. నా గాడిదల్ని ముట్టుకునేది కాదు. అందరి గాడిదలకీ ఒకింటి బరువైతే, కెరికి రెండిళ్ళ బరువు. తాడు మళ్ళీ వీపుని తినేసింది. తెల్ల వెంట్రుకలు మొలిచినచోటే పుండు పడింది.

వానలు పడ్డాయి. ఎక్కడెక్కడి మందలూ మేత కోసం మా వైపు వచ్చాయి. ఒకరోజు ఎండ వాలే వేళ నేను బయటికి వస్తే, కెరి కంచె దగ్గర నిలబడి వణుకుతోంది. వీపు మీద ఒక పిడుదుపిట్ట. ఒక్కటే. పుండులోకి ముక్కు దించి, తలెత్తి, మళ్ళీ దించి తాగుతోంది. నెత్తురు గాడిద పక్కటెముకల మీదుగా సన్నగా కారుతోంది.

నైషోరువా దాని పక్కనే కింద కూర్చుని పిల్లాడికి పాలిస్తోంది. చెయ్యి చాస్తే తోలేయొచ్చు. తోలడం లేదు. అలాగే చూస్తోంది.

"కళ్ళు పోయాయా నీకు?" అని అరిచాను. "గాడిదని తినేస్తోంది!"

"తిననీ."

"ఏమిటీ?"

"ఇన్నాళ్ళకి ఒక్కటి వచ్చింది. నేను తోలితే మళ్ళీ రాకపోతే? తాగనీ దాన్ని. ఎంత కావాలో తాగనీ." ఆమె నా వైపు చూడలేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి పిల్లాడి నెత్తిమీద పడుతున్నాయి. "సిలంటోయ్ కాలికి నేనేం ఇవ్వగలను? ఈ గాడిద తప్ప నాకు ఇంకేముంది?"

గాడిద ముందుకాళ్ళు మడతపడుతున్నాయి. అయినా కదలకుండా నిలబడింది, నేర్పినట్టు. దాన్ని చూస్తే నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"పాషే!" అని గట్టిగా కసిరాను. "గాడిద చస్తే రేపు నీళ్ళు ఎవడు మోస్తాడు, నీ మొగుడా?"

ఆమె తల తిప్పి చూసింది. "నీ మొగుడు కూడానుగా" అంది, ఏడుస్తూనే.

నేను కర్ర విసిరాను. పిట్ట "క్రిస్స్" మని లేచి, కంచె మీదుగా ఒక చుట్టు తిరిగి, వాలు కిందికి పొద వైపు పోయింది. నేను పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి, ఉత్త కొవ్వు కలిపి పుండు మీద మెత్తాను. నైషోరువా పిల్లాణ్ణి ఎత్తుకుని గాడిద మెడ పట్టుకుంది.

"ఉష్" అంది సిలంటోయ్.

అది కంచె సందులో కర్ర మీద ఆనుకుని వాలు వైపు చూస్తోంది. ఒక చెయ్యి పైకెత్తింది. మేం కదలకుండా నిలబడ్డాం. కిందనుంచి, పొద నడిమిలోంచి, సన్నగా వచ్చింది. క్రిస్స్. క్రిస్స్.

"ఒంటి రావిచెట్టుకి ఇవతల" అంది సిలంటోయ్. "దేన్నో చూసి లేచింది. దున్న ఉంది అక్కడ. రేపు కూడా గుట్ట మీదుగానే పో పిన్నీ."

"అలాగే తల్లీ" అంది నైషోరువా.

ఒక్క పిట్ట. అది ఒక్క దున్న మీదే కూర్చోగలదు. మిగతా పొదంతా ఏమీ చెప్పకుండా నల్లగా ఉంది. అందులో ఎన్ని దున్నలు ఊపిరి బిగబట్టి నిలబడ్డాయో మాలో ఎవ్వరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్న నైషోరువా నా గాడిద మీద డబ్బాలు కట్టుకుని గుట్టదారి పట్టింది. నేను ఆమె నెత్తిమీద తుంపరగా ఉమ్మి దీవించాను. గుట్ట మలుపు తిరిగేదాకా నేనూ సిలంటోయ్ కంచె దగ్గర చెవులు రిక్కించుకుని నిలబడ్డాం.